డ్రై ఐస్: ఉపయోగాలు, అపాయాలు, జాగ్రత్తలు

ఈ రోజుల్లో పెళ్లి రిసెప్షన్లలో, పుట్టినరోజు వేడుకల్లో తెల్లని పొగ నేల మీద మబ్బులా పరచుకోవడం మీరు చూసే ఉంటారు. వధూవరులు ఆ పొగలో నుండి నడిచి వస్తుంటే చూడడానికి బాగుంటుంది. పిల్లలు కేరింతలు కొడుతూ అందులోకి పరుగెత్తుతారు. ఆ పొగను చాలా చోట్ల డ్రై ఐస్ అనే పదార్థంతో పుట్టిస్తారు. ఐస్‌క్రీమ్ పార్సిల్ పెట్టెలోనూ, రక్తనిధి నుండి ప్లాస్మా తెచ్చే పెట్టెలోనూ, దూరప్రాంతపు ల్యాబుకు నమూనాలు పంపే పెట్టెలోనూ ఉండేది ఇదే.

డ్రై ఐస్‌ను తెలిసి వాడితే ఎంతో ఉపయోగం. తెలియక వాడినందువల్ల ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. దీని చల్లదనం చేతికి వెంటనే తెలుస్తుంది కాబట్టి ఆ విషయంలో అందరూ జాగ్రత్తపడతారు. కాని దీని నుండి వెలువడే వాయువు కంటికి కనబడదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. కాబట్టి ఈ నాలుగు మాటలు శ్రద్ధగా చదివి, ఇంట్లో వారికి కూడా చెప్పండి.

డ్రై ఐస్ అంటే ఏమిటి?

మనం వాడే మామూలు ఐస్ గడ్డకట్టిన నీరు. డ్రై ఐస్ గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, అంటే బొగ్గుపులుసు వాయువు. మనం ఊపిరి వదిలినప్పుడు బయటకు వచ్చేది, గోలీ సోడాలో బుసబుస పొంగేది కూడా ఈ వాయువే. దీనిని ఎక్కువ ఒత్తిడితో ద్రవంగా మార్చి, ఒక్కసారిగా బయటకు వదిలితే తెల్లని మంచుపొడిలా తయారవుతుంది. ఆ పొడిని గట్టిగా నొక్కి దిమ్మెలుగానో, చిన్న చిన్న కడ్డీలుగానో చేస్తారు. మంటలార్పే కార్బన్ డయాక్సైడ్ సిలిండరును వాడినప్పుడు దాని గొట్టం నుండి తెల్లని పొడిలా వచ్చేది కూడా ఇదే. అందుకే ఆ గొట్టాన్ని ఒట్టి చేత్తో పట్టుకోకూడదు.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తిలోరియే 1835లో ఈ పదార్థాన్ని గుర్తించి వివరించాడు. 1920లలో అమెరికాలో వ్యాపారం కోసం తయారు చేయడం మొదలైంది. "డ్రై ఐస్" అనే పేరు కూడా అప్పుడు వచ్చినదే.

దీని ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 78.5 డిగ్రీల సెల్సియస్. ఇంటి ఫ్రీజరులో సాధారణంగా ఉండేది సున్నాకు దిగువన 18 డిగ్రీలు. ఈ రెండింటి మధ్య తేడా ఎంతో చూడండి. మరొక విశేషం ఏమిటంటే, ఇది కరిగి నీరు కాదు. కర్పూరం పళ్లెంలో ఉండి ఉండి హరించుకుపోయినట్లు, బీరువాలో వేసిన కలరా ఉండలు క్రమంగా అరిగిపోయినట్లు, ఘన రూపం నుండి నేరుగా వాయువుగా మారిపోతుంది. దీనినే పాఠ్యపుస్తకాలలో ఉత్పతనం అంటారు. తడి చేయదు కాబట్టే దీనికి "పొడి ఐస్" అనే పేరు వచ్చింది.

కనిపించే పొగ వేరు, ప్రమాదకరమైన వాయువు వేరు

ఇది ముఖ్యమైన విషయం. డ్రై ఐస్‌ను వేడినీటిలో వేస్తే లేచే తెల్లని పొగ కార్బన్ డయాక్సైడ్ కాదు. అది నీటి ఆవిరి చలికి సన్నని తుంపరగా మారి మనకు కనబడడం. చలికాలం పొద్దున నోటి నుండి వచ్చే ఆవిరి వంటిదే. కార్బన్ డయాక్సైడ్‌కు రంగు లేదు. కాసేపటికి పొగ విడిపోయి గది శుభ్రంగా కనిపించినా, వాయువు ఇంకా అక్కడే ఉండవచ్చు. ఎక్కువ మోతాదులో ఉంటే సోడా తాగినప్పుడు ముక్కుకు ఎక్కే ఘాటు వంటిది తెలియవచ్చు. ఆ ఘాటు తెలిసేసరికే మనం ప్రమాదంలో ఉన్నట్లు లెక్క.

రెండవ విషయం, ఈ వాయువు మామూలు గాలి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువు. అందువలన పైకి లేవదు. నీళ్లు పల్లానికి చేరినట్లు నేలబారున, గుంటలలో, మెట్ల కింద, కారు సీట్ల దగ్గర చేరుతుంది. నిలబడిన పెద్దవారికి ఏమీ కాకపోయినా, నేల మీద పాకే పసిపిల్లలకు, చాప మీద పడుకున్నవారికి అదే గదిలో ప్రమాదం ఉంటుంది.

ఇది ఎక్కడెక్కడ ఉపయోగపడుతుంది?

1. ఆహార పదార్థాలు: ఐస్‌క్రీమ్, గడ్డకట్టించిన మాంసం, చేపలు కరిగిపోకుండా దూరం పంపడానికి వాడతారు. నీరు కారదు కాబట్టి అట్టపెట్టె తడిసిపోదు.

2. రక్తనిధులు: రక్తం నుండి వేరు చేసిన ప్లాస్మాను గడ్డకట్టించి సున్నాకు దిగువన 30 డిగ్రీలు, అంతకంటే చల్లగా నిల్వ చేస్తారు. ఒక చోటు నుండి మరొక చోటుకు తీసుకువెళ్లేటప్పుడు అది కరగకుండా డ్రై ఐస్ కాపాడుతుంది.

3. పరీక్షల నమూనాలు: కొన్ని ప్రత్యేక పరీక్షలకు నమూనాలను గడ్డకట్టిన స్థితిలోనే పెద్ద నగరాల ల్యాబులకు పంపాలి.

4. కొన్ని టీకాలు: 2020 చివరలో విదేశాలలో వాడకం మొదలైన ఫైజర్ కోవిడ్ టీకాను సున్నాకు దిగువన 70 డిగ్రీల ప్రాంతంలో ఉంచవలసి వచ్చింది. దానిని డ్రై ఐస్ పెట్టెలలోనే దేశదేశాలకు పంపారు. మన దేశంలో ఎక్కువమందికి వేసిన కోవిషీల్డ్, కోవాక్సిన్ టీకాలకు ఆ అవసరం లేదు. అవి 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచేవి.

5. దోమల పరిశోధన: మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను బట్టి దోమలు మనలను వెతుక్కుంటూ వస్తాయి. అందుకని ఆరోగ్య పరిశోధకులు దోమల బోనుల దగ్గర డ్రై ఐస్ పెట్టి వాటిని ఆకర్షించి, ఏ జాతి దోమలు ఎన్ని ఉన్నాయో లెక్కిస్తారు.

6. ఫ్యాక్టరీలు, వేదికలు: యంత్రాలకు పట్టిన జిడ్డును డ్రై ఐస్ గుళికలు చిమ్మి వదిలిస్తారు. నాటకాలలో, సినిమాలలో, వేడుకలలో పొగ కోసం వాడతారు.

ఎక్కడ వాడకూడదు?

ఎంత చల్లగా ఉంటే అంత మంచిది అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. మన గ్రామాలకు ఏ.ఎన్.ఎం. అక్క తెచ్చే వ్యాక్సిన్ క్యారియర్‌లో ఉండేవి మామూలు నీటి ఐస్ ప్యాకులే. వాటిని కూడా ఫ్రీజరు నుండి తీసిన వెంటనే పెట్టరు. కాసేపు బయట ఉంచి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినబడిన తరువాతే పెడతారు. ఎందుకంటే పెంటావాలెంట్, హెపటైటిస్-బి, డి.పి.టి., టి.డి. టీకాలు గడ్డకడితే పాడైపోతాయి. తిరిగి కరిగించినా పని చేయవు. వీటి దగ్గర డ్రై ఐస్ పెడితే పిల్లలకు సూది గుచ్చిన నొప్పే మిగులుతుంది, రక్షణ మిగలదు.

ఇన్సులిన్ విషయం కూడా ఇంతే. ప్రయాణంలో ఇన్సులిన్ చల్లగా ఉండాలని డ్రై ఐస్‌తో కలిపి పెట్టకండి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్‌ను పారవేయవలసిందే. రోగికి ఎక్కించే రక్తం సంచిని కూడా డ్రై ఐస్ తగిలేలా ఉంచకూడదు. గడ్డకడితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, ఆ రక్తం ఎక్కించడం ప్రాణాపాయం.

అపాయాలు నాలుగు విధాలు

మొదటిది, చలి వలన కాలడం. డ్రై ఐస్‌ను ఒట్టి చేత్తో కొద్ది క్షణాలు పట్టుకున్నా చర్మంలోని నీరు గడ్డకట్టి కణాలు చనిపోతాయి. మొదట చర్మం తెల్లబడి, మొద్దుబారుతుంది. తరువాత ఎర్రబడి, మంట పుట్టి, బొబ్బలు లేస్తాయి. నిప్పు వలన కాలిన గాయానికి, దీనికి చూపులో పెద్ద తేడా ఉండదు. మొద్దుబారడం వలన మొదట నొప్పి తెలియదు. అందువలన "ఏమీ కాలేదులే" అని చాలామంది అశ్రద్ధ చేస్తారు.

రెండవది, మింగడం. చూడడానికి పటిక ముక్కలా, కలకండలా ఉండడం వలన పిల్లలే కాదు, పెద్దలు కూడా పొరబడతారు. 2024 మార్చిలో హర్యానాలోని గురుగ్రామ్‌లో ఒక రెస్టారెంటులో భోజనం తరువాత సోంపు ఇచ్చినట్లుగా డ్రై ఐస్ ముక్కలు ఇచ్చారు. నోట్లో వేసుకున్న ఐదుగురు నోరు మండి, రక్తపు వాంతులతో ఆసుపత్రి పాలయ్యారు. ఇది నోటిని, గొంతును, అన్నవాహికను కాలుస్తుంది. పొట్టలోకి చేరితే అక్కడ వాయువుగా మారి పొట్టను ఉబ్బించి, చిల్లు పడేలా కూడా చేయగలదు. ఏ రూపంలోనూ ఇది తినే పదార్థం కాదు. పొగలు వచ్చే బిస్కెట్లకు వాడే ద్రవ నైట్రోజన్ వేరే పదార్థం. అది సున్నాకు దిగువన 196 డిగ్రీల వరకు చల్లగా ఉంటుంది కాబట్టి దానికీ దూరంగా ఉండండి.

మూడవది, ఊపిరాడకపోవడం. ప్రాణాలు తీసేది ముఖ్యంగా ఇదే. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 0.04 శాతం మాత్రమే ఉంటుంది. అది 3 శాతానికి చేరితే ఊపిరి వేగం పెరిగి తలనొప్పి వస్తుంది. 4 శాతం ప్రాణాపాయ స్థాయి అని వృత్తి ఆరోగ్య నిపుణులు నిర్ణయించారు. 10 శాతానికి చేరితే కొద్ది నిమిషాలలోనే స్పృహ తప్పుతుంది. ఇప్పుడు చిన్న లెక్క చూడండి. ఒక కిలో డ్రై ఐస్ పూర్తిగా వాయువుగా మారితే సుమారు 550 లీటర్లు అవుతుంది. కారు లోపల పట్టే గాలి మొత్తం సుమారు 3,000 లీటర్లు. డ్రై ఐస్ ఒక్కసారిగా హరించుకుపోదు, కారులోకి కొంత బయటి గాలి వస్తుంది, నిజమే. కాని అద్దాలు బిగించి, ఏ.సి.లో లోపలి గాలినే తిప్పుకుంటూ వెళితే ప్రమాద స్థాయికి చేరడానికి ఎంతో సేపు పట్టదు. 2018 జూలైలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఐస్‌క్రీమ్ కోసం డ్రై ఐస్ పెట్టెలు ఉంచిన కారులో ప్రయాణించిన ఒక మహిళ ఇలాగే మరణించింది.

2020 ఫిబ్రవరిలో మాస్కోలో ఒక పుట్టినరోజు వేడుకలో పొగ బాగా రావాలని సుమారు 25 కిలోల డ్రై ఐస్‌ను నాలుగు గోడల మధ్య ఉన్న ఈతకొలనులో వేశారు. ముగ్గురు చనిపోయారు. ఈదేవారి ముక్కు నీటిమట్టం దగ్గరే ఉంటుంది. బరువైన వాయువు పరచుకునేది కూడా అక్కడే.

మనసుకు కష్టమైనా మరొక విషయం చెప్పక తప్పదు. భౌతికకాయం పాడవకుండా కొన్ని దేశాలలో శవపేటికలో డ్రై ఐస్ పెడతారు. కడసారి ముఖం చూసుకోవాలని పేటికలోకి తల వంచినవారు స్పృహ తప్పి మరణించిన సంఘటనల తరువాత, 2023 సెప్టెంబరులో జపాన్ ప్రభుత్వ వినియోగదారుల సంస్థలు ప్రజలను హెచ్చరించాయి. మన ప్రాంతంలో కరెంటుతో నడిచే ఫ్రీజరు పెట్టెలే ఎక్కువ. ఎప్పుడైనా, ఎక్కడైనా డ్రై ఐస్ వాడవలసి వస్తే గది తలుపులు, కిటికీలు తెరిచి ఉంచండి. పేటికలోకి తల వంచనివ్వకండి. దుఃఖంలో ఉన్నవారిని ఒంటరిగా పేటిక దగ్గర వదలకండి.

నాలుగవది, పేలుడు. డ్రై ఐస్‌ను సీసాలోనో, గాలి చొరని డబ్బాలోనో వేసి మూత బిగిస్తే లోపల వాయువు పెరిగిపోయి అది బాంబులా పేలుతుంది. సరదా కోసం కుర్రవాళ్లు ఇలా చేసి కళ్లు, వేళ్లు పోగొట్టుకున్నారు. ఇంట్లో మగపిల్లలు ఉన్న తల్లిదండ్రులు ఈ మాట ముందుగానే చెప్పి ఉంచడం మంచిది.

వాడేవారు పాటించవలసిన జాగ్రత్తలు

1. మందమైన తోలు చేతి తొడుగులు, లేదా చలికి తట్టుకునే తొడుగులు వేసుకోండి. ఆసుపత్రిలో వాడే పలుచని రబ్బరు గ్లవ్స్ చాలవు. పట్టకారు వాడడం ఇంకా మంచిది. పగలగొట్టేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి.

2. మందపాటి థర్మాకోల్ పెట్టెలో ఉంచండి. మూత వదులుగా ఉండాలి. టేపుతో చుట్టూ మూసివేయవద్దు. మంచి పెట్టెలో ఉంచినా రోజుకు రెండు నుండి నాలుగున్నర కిలోల వరకు తరిగిపోతుంది. అందుకని అవసరమైన రోజునే కొనండి.

3. ఇంటి ఫ్రిజ్‌లో, ఫ్రీజరులో పెట్టకండి. పడకగదిలో, నేలమాళిగలో, లిఫ్టులో, మూసిన స్టోరు గదిలో ఉంచకండి.

4. వాహనంలో అయితే వెనుక తెరిచి ఉన్న ట్రక్కు భాగంలో పెట్టడం మేలు. కారులో తప్పనిసరి అయితే కిటికీలు దించి, బయటి గాలి వచ్చేలా నడపండి. పిల్లలను ఆ కారులో ఎక్కించవద్దు. పెట్టెను కారులో వదిలి వెళ్లవద్దు.

5. విమానంలో తీసుకువెళ్లాలంటే ముందుగా ఆ విమాన సంస్థ అనుమతి తీసుకోవాలి. ఒక ప్రయాణికుడికి గరిష్ఠంగా రెండున్నర కిలోలు మాత్రమే, అది కూడా వాయువు బయటకు పోయే పెట్టెలో.

6. పెట్టె మీద "డ్రై ఐస్ - తాకరాదు, తినరాదు" అని పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి అంటించండి. చదువురాని పనివారికి నోటితో చెప్పండి.

7. మిగిలినదాన్ని సింకులో, మరుగుదొడ్డిలో, కాలువలో, చెత్తకుండీలో వేయకండి. అతి చలికి పైపులు, పింగాణీ పగిలిపోతాయి. పిల్లలు, పశువులు రాని చోట, ఆరుబయట, తెరిచిన పెట్టెలో వదిలేయండి. దానంతట అదే హరించుకుపోతుంది.

వేడుకలు చేసుకునేవారికి ప్రత్యేక మనవి

పొగ తప్పనిసరిగా కావాలనుకుంటే ఆరుబయట వేదిక మీద ఏర్పాటు చేసుకోండి. ఏ.సి. హాలులో అయితే తలుపులు తెరిచి, గాలి బయటకు పోయే ఫ్యాన్లు వేయించండి. పొగ వదిలే యంత్రాన్ని తెలిసిన మనిషే చూసుకోవాలి. పొగ పరచుకున్న చోట పిల్లలను కూర్చోనివ్వకండి, పడుకోనివ్వకండి. ఉయ్యాల వేడుకలో, బారసాలలో పసిబిడ్డ చుట్టూ పొగ అసలే వద్దు. ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు వేదికకు దూరంగా కూర్చోవడం మంచిది. షర్బత్ గ్లాసులలో డ్రై ఐస్ వేసి ఇవ్వడం మానండి. అది నీటిలో మునుగుతుంది, గ్లాసు అడుగున మిగిలిన ముక్క చివరి గుక్కతో గొంతులోకి జారిపోతుంది.

ప్రథమ చికిత్స

చర్మానికి తగిలితే: వెంటనే డ్రై ఐస్‌ను తొలగించండి. బట్ట చర్మానికి అతుక్కుపోతే లాగవద్దు, గోరువెచ్చని నీరు పోస్తూ వదులు చేయండి. గాయమైన భాగాన్ని పసిబిడ్డకు పోసే నీళ్లంత వెచ్చగా, అంటే 37 నుండి 39 డిగ్రీల నీటిలో ఉంచండి. బాగా వేడినీరు వద్దు, మంట దగ్గర కాచవద్దు, రుద్దవద్దు. మొద్దుబారిన చర్మానికి వేడి తెలియదు, ఇంకా కాలుతుంది. పసుపు, టూత్‌పేస్టు, సిరా, నూనె పూయవద్దు. బొబ్బలు చిదమవద్దు. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసివేయండి. శుభ్రమైన పొడిబట్ట వదులుగా కప్పి ఆసుపత్రికి రండి.

కంటిలో పడితే: శుభ్రమైన గోరువెచ్చని నీటితో కనీసం 15 నిమిషాలు కడుగుతూ ఉండండి. కన్ను నులమవద్దు. వెంటనే కంటి డాక్టరుకు చూపించండి.

మింగితే: నోట్లో మిగిలినది ఉమ్మివేయించండి. గోరువెచ్చని నీటితో పుక్కిలించి ఉమ్మమనండి. వాంతి చేయించడానికి ప్రయత్నించవద్దు. ఉప్పునీరు, మజ్జిగ, అరటిపండు ఏవీ పెట్టవద్దు. బాగానే ఉన్నట్లు కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

ఊపిరాడకపోతే: తలనొప్పి, ఆయాసం, చెమటలు, తల తిరగడం, మగత, తికమకగా మాట్లాడడం దీని లక్షణాలు. అక్కడ ఉన్న అందరూ వెంటనే బయటి గాలికి రావాలి. 108కి ఫోన్ చేయండి. మనిషి స్పృహలో లేక, ఊపిరి తీసుకోకపోతే, నేర్చుకున్నవారు వెంటనే గుండె మర్దన, కృత్రిమ శ్వాస మొదలుపెట్టాలి.

పడిపోయిన మనిషిని రక్షించాలని మూసిన గదిలోకి, గుంటలోకి గుడ్డిగా దిగకండి. ముందు తలుపులు, కిటికీలు తెరవండి, ఇతరులను పిలవండి. మన ఊళ్లలో పాడుబడిన బావులలో, సెప్టిక్ ట్యాంకులలో ఒకరి వెంట ఒకరు దిగి ముగ్గురు, నలుగురు చనిపోయే విషాదాలు ఇలాంటి గాలి వలన జరిగేవే. బావిలోకి దీపం దించి, అది వెలుగుతుంటే దిగవచ్చని పెద్దలు చెప్పేవారు. దీపాన్ని పూర్తిగా నమ్మకండి. దీపం ఆరక ముందే మనిషికి ప్రమాదకరమైనంత కార్బన్ డయాక్సైడ్ అక్కడ ఉండవచ్చు. శ్వాస పరికరాలతో దిగే అగ్నిమాపక సిబ్బందిని 101కి ఫోన్ చేసి పిలవండి.

గుర్తుంచుకోండి

- ఒట్టి చేత్తో తాకవద్దు.
- నోట్లో పెట్టవద్దు.
- మూత బిగించవద్దు.
- మూసిన గదిలో, మూసిన కారులో ఉంచవద్దు.
- నేల మీద ఉండే పిల్లలను దూరంగా ఉంచండి.
- పొగ పోయినంత మాత్రాన ప్రమాదం పోయినట్లు కాదు. తలుపులు, కిటికీలు తెరవండి.

ఈ ఆరు మాటలు ఒక కాగితం మీద రాసి, డ్రై ఐస్ వాడే దుకాణంలో, వంటశాలలో, ల్యాబులో, కల్యాణ మండపంలో అందరికీ కనిపించే చోట అంటించండి. మీ ఇంట్లో వేడుక ఉంటే పొగ ఏర్పాటు చేసే మనిషిని ముందుగానే రెండు ప్రశ్నలు అడగండి: "ఎన్ని కిలోలు వాడుతున్నావు? గాలి ఎటు పోతుంది?" వీటికి సరైన జవాబు రాకపోతే పొగ లేకుండానే వేడుక జరుపుకోండి.